నా వాళ్లను వర్గీకరించిన పుస్తకాల మీద నేనే పరిశోధన చేయాలా?

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆంత్రపాలజీ (మానవశాస్త్రం) పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్న పాఠకురాలి ఉత్తరం ఇది. వయసు 29. కులం పేరు రాయవచ్చని, ఊరు, యూనివర్సిటీ మాత్రం వద్దని ఆమే కోరారు. కోస్తా జిల్లాల్లోని ఎరుకల కుటుంబం. తాతగారు సెటిల్‌మెంటులో, అంటే ‘నేరస్థ తెగ’ అని ముద్రవేసినవాళ్లను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధంగా ఉంచిన కాలనీలో పుట్టారు. నాన్నగారు ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కులం డిపోలో అందరికీ తెలుసు కానీ, సెటిల్‌మెంటు నుంచి వచ్చిన సంగతి మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరికీ తెలియనివ్వలేదు. ఇప్పుడు తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు.

ఆమె గైడ్ ఒక నల్లజాతి ప్రొఫెసర్. రేస్ (జాతి) అనే భావనను ఆంత్రపాలజీ ఎలా నిర్మించింది, తర్వాత ఎలా కాదంది అన్నదాని మీదే ఆయన జీవితమంతా పనిచేశారు. ఆయన దగ్గర చదవాలనే ఆమె అంత దూరం వెళ్లారు. ఆయన వచ్చే ఏడాది మేలో రిటైరవుతున్నారు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన బ్రిటిష్ అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం మీద థీసిస్ చేయాలని ఆమె అనుకున్నారు. మొదటి సంపుటం ముందుమాటలోని ముక్కు కొలతలు, మూడో సంపుటంలో ‘కొరవ’ శీర్షిక కింద తనవాళ్ల గురించి రాసినది చదివాక చాలా రోజులు నిద్ర పట్టలేదట.

కమిటీలో ఒకరు ‘థర్‌స్టన్ మీద రావాల్సింది వచ్చేసింది’ అన్నారు. ఇంకొకరు ‘కులం వేరు, రేస్ వేరు, అమెరికాలోని భారతీయుల్లో కులం మీద చెయ్యి, ఉద్యోగాలు అక్కడున్నాయి’ అన్నారు. గైడ్ మాత్రం ఒక మ్యూజియంలో పాతకాలపు పుర్రెల సేకరణ చరిత్ర మీద తను నడుపుతున్న ప్రాజెక్టులో చేరమంటున్నారు. నాన్నగారేమో తిరిగొచ్చి ఆంత్రపాలజీ ఆప్షనల్‌తో సివిల్స్ రాయమంటున్నారు. ఫిబ్రవరిలో క్వాలిఫయింగ్ పరీక్షలు. టాపిక్ మార్చుకోవాలా, థర్‌స్టన్ పుస్తకంలోని పాత ఫొటోలు థీసిస్‌లో పెట్టవచ్చా, ఇంటి సంగతి బయటపడితే ఎలా, ఈ చదువుతో బతుకుతెరువు ఉందా అని ఆమె అడుగుతున్నారు.

జవాబు:

అమ్మా, మీరడిగిన నాలుగింటిలో ఫిబ్రవరిలోపు తేలాల్సింది ఒక్కటే, మీ పరిశోధన ప్రశ్న. మిగతావి ఆగగలవు. ఇంటి సంగతి విషయంలోనైతే తొందరపడకపోవడమే మంచిది. అయినా మీ ఉత్తరం నిండా ఇంటి సంగతే ఉంది, టాపిక్ గురించి రాసింది తక్కువ. అందుకే ముందు టాపిక్ సంగతి విడిగా చూద్దాం.

‘రావాల్సింది వచ్చేసింది’ అన్న మాటలో సగం నిజముంది. వలస పాలన కులాన్ని ఎలా లెక్కకట్టింది, అందులో బెంగాల్‌లో కులాలను కొలిపించిన బ్రిటిష్ అధికారి రిస్లీ, థర్‌స్టన్‌ల పాత్ర ఏమిటి అన్నది నికొలస్ డర్క్స్ 2001లో వివరంగా రాశారు. కొరవ, ఎరుకలవాళ్లను నేరస్థ తెగగా ముద్రవేయడం మీద మీనా రాధాకృష్ణ పుస్తకం కూడా అదే ఏడాది వచ్చింది. స్టూవర్టుపురం, సెటిల్‌మెంట్లు నడిపిన క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ, చీరాల పొగాకు ఫ్యాక్టరీకి సెటిల్‌మెంటు కూలీలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ‘థర్‌స్టన్ వలస పాలకుల మనిషి’ అని రుజువు చేయడమే మీ థీసిస్ అయితే మీ కమిటీ సభ్యుడి మాట సరైనదే. ఈ రెండు పుస్తకాలూ చదివాక కూడా జవాబు దొరకని ప్రశ్న మీ చేతిలో ఉందా అన్నదే అసలు విషయం. మాకు కనీసం మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, కొలత. థర్‌స్టన్‌ను విమర్శించినవాళ్లలో చాలామంది ఆయన ఉద్దేశాలను చదివారు, అంకెల జోలికి అంతగా పోలేదు. మీరు ఎంఏలో కాలిపర్లు (శరీరాన్ని కొలిచే పరికరాలు) పట్టుకుని ప్రాక్టికల్స్ చేసినవారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. నాసికా సూచి అంటే ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణించగా వచ్చేది. బతికున్న మనిషికి 70 లోపు వస్తే సన్నముక్కు, 70 నుంచి 85 దాకా మధ్యరకం, ఆపైన వెడల్పు ముక్కు. ఇప్పుడు ఒకతని ముక్కు వెడల్పు 40 మిల్లీమీటర్లు, పొడవు 48 అనుకోండి. సూచి 83.3, అంటే మధ్యరకం. పొడవు కొలత మొదలయ్యేది ముక్కెముక నుదుటి ఎముకతో కలిసే చోట. పుర్రె మీద ఆ అతుకు కంటికి కనిపిస్తుంది. బతికున్న మనిషికైతే చర్మం మీదుగా వేలితో తడిమి పట్టుకోవాలి. అక్కడ రెండు మిల్లీమీటర్లు కిందికి జారితే పొడవు 46, సూచి 87. మనిషి అదే, ముక్కు అదే, వర్గం మారిపోయింది. ఇలాంటి అంకెల సగటు తీసుకునే రిస్లీ, కులం స్థాయి పెరిగేకొద్దీ ముక్కు వెడల్పు తగ్గుతుందని సూత్రం కట్టాడు. ఆయనే 1901 జనాభా లెక్కల కమిషనర్. ముక్కు ఆకారానికి వాతావరణంలోని వేడితోనూ తేమతోనూ సంబంధముందని థామ్సన్, బక్స్‌టన్ 1923లోనే చూపించారు.

రెండు మిల్లీమీటర్లు ఎందుకు జారతాయి? ఎదుటి మనిషి కదులుతాడు, భయపడతాడు, వంగుతాడు. థర్‌స్టన్ స్వయంగా రాసుకున్నాడు: నీలగిరుల్లో పోలీసులు వెతుకుతున్న ఒక ఇరుల మనిషి ఎత్తు కొలిచే కొయ్యను చూసి ఉరికొయ్య అనుకుని ససేమిరా నిలబడనన్నాడు, వయనాడులో పణియ స్త్రీలు తమలో మంచి రూపం ఉన్నవాళ్లను చంపి గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో పెడతారని నమ్మారు. ఆయనకు ఇవి వినోదంగా చెప్పుకునే కథలు. పరిశోధకురాలిగా మీకు మాత్రం ఇవి నమూనా ఎలా తయారైందో చెప్పే సాక్ష్యాలు. ఎవరు పారిపోయారు, ఎవరు దొరికారు, దొరికినవాళ్లు ఎవరి ఒత్తిడితో నిలబడ్డారు అన్నది అడిగితే, ఆ పట్టికల్లోని ‘కులం సగటు’ నిజానికి ఎవరి సగటో తెలుస్తుంది. సగటుతోపాటు గరిష్ఠం, కనిష్ఠం ఇచ్చిన పట్టికలను తీసుకుని పక్కపక్కన గీయండి. కులానికీ కులానికీ మధ్య తేడా కన్నా ఒకే కులం లోపలి తేడా ఎంత ఎక్కువో మీ కమిటీకి ఒక్క పేజీలో కనిపిస్తుంది. పరీక్ష లోపు చేయగలిగిన పని ఇది.

రెండోది, మధ్యలో ఉన్న మనవాళ్లు. ఆ సంపుటాల శీర్షిక పేజీలోనే థర్‌స్టన్ పేరు కింద కె. రంగాచారి పేరుంది. కొరవ వ్యాసానికి సరుకు చాలావరకు పోలీసు అధికారుల రాతల నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఎం. పాపారావు నాయుడు అనే పోలీసు అధికారి రైల్వే దొంగల మీద ఒక పుస్తకం, 1905లో కొరవ, ఎరుకలవాళ్ల మీద ఇంకో పుస్తకం ఇంగ్లిష్‌లో రాశారు. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తర భారతంలో మొదలై మద్రాసు రాష్ట్రానికి 1911లో వచ్చింది. అంటే ఇక్కడ చట్టం కన్నా ముందే పుస్తకాలు వచ్చాయి. అందులో మన భాష మాట్లాడేవాళ్ల చెయ్యి ఎంత, దొర చెయ్యి ఎంత అన్నది తేలాల్సిన ప్రశ్న. తేలితే ఇక్కడ చాలామందికి నచ్చదు. ఆ మాట ముందే చెబుతున్నాం.

మూడోది మీకు తప్ప మీ డిపార్ట్‌మెంటులో ఇంకెవరికీ అందనిది: కొలిపించుకున్నవాళ్ల మనుమలు, ముని మనుమలు తెలుగులో ఏం గుర్తుంచుకున్నారు? ఇది చాలా విలువైన ప్రశ్న, అందరికన్నా ఎక్కువ ప్రమాదమున్నదీ ఇదే. దీని గురించి తర్వాత వస్తాం.

ఇక ‘కులం వేరు, రేస్ వేరు’. ఇది నిజమే, కానీ మీ టాపిక్‌ను వదులుకోవడానికి కారణం కాదు. రెండూ ఒకటేనని మీరు వాదించనక్కర్లేదు. ఒకే పరికరం రెండింటి మీదా ఎలా తిరిగిందో చూపిస్తే చాలు. 1859లో పారిస్‌లో బ్రోకా స్థాపించిన ఆంత్రపాలజీ సొసైటీ ఈ కొలతలకు పుట్టిల్లు. ఆయన వారసుడు టోపినార్ పద్ధతినే రిస్లీ బెంగాల్‌కు తెచ్చుకున్నాడు. అదే సొసైటీలో 1884లో సభ్యుడైన హైతీ నల్లజాతి మేధావి ఆంతెనోర్ ఫర్మిన్, మరుసటి ఏడాదే మానవ జాతుల సమానత్వం మీద పెద్ద గ్రంథం రాసి ఆ కొలతల లెక్కను ఎదిరించాడు. ఇంగ్లిష్ పాఠకుల చేతికి అది 2000లో గానీ రాలేదు. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ ఆంత్రపాలజీ సెమినార్‌లో అంబేడ్కర్ కులాల పుట్టుక మీద చదివిన వ్యాసం మీకు తెలిసిందే. యూరోపియన్ పండితులు కులానికి రంగును కారణంగా చూపడాన్ని ఆయన అక్కడే తోసిపుచ్చాడు. గోల్డెన్‌వైజర్, అమెరికా ఆంత్రపాలజీకి పునాది వేసిన బోవాస్ శిష్యుడు, ఆ డిపార్ట్‌మెంట్ బోవాస్‌ది. తర్వాత అంబేడ్కర్ 1948లో అంటరానితనం మీద రాసినప్పుడు సమాజశాస్త్రవేత్త ఘుర్యే పుస్తకంలోని ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ ఒకే రేస్ అని ఆ కొలతలే చెబుతున్నాయి కదా అని, అంటరానివారు వేరే రేస్ అన్న వాదాన్ని దాని అంకెలతోనే పడగొట్టాడు.

అటువైపు నుంచి చూస్తే, నల్లజాతి మానవశాస్త్రవేత్త ఆలిసన్ డేవిస్ సహచరులతో కలిసి 1941లో అమెరికా దక్షిణాది సమాజాన్ని కులం అనే చట్రంలో పెట్టి చూపించాడు. ఆ పోలిక చెల్లదని సమాజశాస్త్రవేత్త ఆలివర్ కాక్స్ 1948లో గట్టిగా కొట్టాడు. 1923లో, అమెరికాకు వలసవెళ్లిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ కేసు మరీ సూటిగా ఉంటుంది. ఆంత్రపాలజిస్టుల వర్గీకరణ ప్రకారం నేను కాకేసియన్‌ని కాబట్టి పౌరసత్వం ఇవ్వండని ఆయన అడిగితే, శాస్త్రం ఏమన్నా మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది అమెరికా సుప్రీంకోర్టు. మీరు ఇప్పుడున్న దేశంలో భారతీయుల పౌరసత్వమే ఈ కొలతల శాస్త్రంతో ముడిపడి తేలింది. వందేళ్ల ఈ వాగ్వాదాన్ని పరీక్షలో ఒక రీడింగ్ లిస్టుగా పెట్టండి. ‘వేరు వేరు’ అన్న సభ్యురాలినే ఆ లిస్టుకు పరీక్షకురాలిగా ఉండమని అడగండి. అభ్యంతరం చెప్పినవాళ్లు లిస్టు తయారీలో పాలుపంచుకుంటే ప్రాస్పెక్టస్ (థీసిస్ ప్రణాళిక) సమర్పించే రోజున కొత్త అడ్డంకి పెట్టడం అరుదు.

ఆమె చెప్పిన ప్రవాస భారతీయుల్లో కులం అనే టాపిక్‌ను కూడా న్యాయంగా తూచాలి. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియాలో అలాంటి బిల్లునే గవర్నర్ వీటో చేశారు. విషయం వేడిగా ఉంది, ఉద్యోగ ప్రకటనల్లోనూ కనిపిస్తుంది. ఫీల్డ్‌వర్క్ మీరున్న చోటే. కానీ తెలుగు సంఘాల మధ్యకు వెళ్లి ఇంటర్వ్యూ అడిగిన మొదటి రోజే మీరెవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. మీరు దాచాలనుకుంటున్న సంగతి పాత రికార్డుల ఆర్కైవ్‌లో కన్నా అక్కడే తొందరగా బయటపడుతుంది. ఈ లెక్క మీ సభ్యురాలికి తట్టి ఉండదు.

గైడ్ గారి పుర్రెల ప్రాజెక్టులో మీకు దొరికేది ఒక గట్టి నైపుణ్యం: ఏ ఎముక ఏ ఆస్పత్రి నుంచి, ఏ శ్మశానం నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రిజిస్టర్ల ద్వారా వెనక్కి వెతకడం. ఫిలడెల్ఫియాలో మార్టన్ అనే వైద్యుడు 1839 నాటికే పుర్రెల లోపలి పరిమాణం కొలిచి రేస్‌లకు వరుస కట్టాడు. ఆ సేకరణ ఉన్న పెన్ మ్యూజియం 2021 ఏప్రిల్‌లో క్షమాపణ చెప్పి తిరిగి అప్పగించే పని మొదలుపెట్టింది. ఆదివాసీ అమెరికన్ల అవశేషాలను తిరిగి ఇవ్వాలన్న 1990 చట్టానికి 2024 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ఆ అవశేషాలను ప్రదర్శించాలన్నా, చూడాలన్నా, పరిశోధించాలన్నా వారసుల లేదా తెగల సమ్మతి ముందుగా ఉండాలి. నిబంధన చాలా మంచిది. కానీ సమ్మతికి ఏడాది పట్టవచ్చు, అసలు రాకపోవచ్చు. మీ ఫండింగ్ గడియారం ఆగదు. గైడ్ రిటైరైతే ప్రాజెక్టు ఎవరి చేతికి పోతుందో కూడా ఇప్పుడే అడగాలి. మాకు తోచినంతలో, దాన్ని థీసిస్‌గా కాకుండా ఒక వేసవి రిసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌గా తీసుకుంటే నైపుణ్యం దక్కుతుంది, మీ ప్రశ్న మీ దగ్గరే ఉంటుంది. అది చాలదని ఆయన నొచ్చుకుంటే, ఆ నొప్పిని కొంతకాలం భరించాల్సి రావచ్చు.

రిటైర్మెంట్ విషయంలో భయపడాల్సింది ఆయన వెళ్లిపోవడం గురించి కాదు, కాగితం మీద ఏమీ లేకుండా వెళ్లిపోవడం గురించి. ఎమెరిటస్ (రిటైరయ్యాక గౌరవ హోదాలో ఉన్న) ప్రొఫెసర్ కమిటీకి అధ్యక్షుడుగా కొనసాగవచ్చా, సహాధ్యక్షుడు మాత్రమేనా అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. గ్రాడ్యుయేట్ హ్యాండ్‌బుక్ తెరిచి చూడండి, తర్వాత గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కు ఈమెయిల్ రాసి జవాబు రాతలో తీసుకోండి. హిస్టరీ లేదా దక్షిణాసియా విభాగం నుంచి రెండో అధ్యక్షుడిని ఈ సెమిస్టర్‌లోనే చేర్చుకోండి. ప్రాస్పెక్టస్ డిఫెన్స్ మే లోపు అయ్యేలా తేదీ పెట్టించుకోండి. సిఫారసు ఉత్తరం ఇప్పుడే రాయించి ఇంటర్‌ఫోలియోలో (ఇలాంటి ఉత్తరాలను భద్రపరిచే ఆన్‌లైన్ సేవ) పెట్టించండి, తర్వాత మార్పులు చేసుకోవచ్చు. ఇంకొకటి, ఆయన ఆర్కైవ్ నోట్సు, ఫొటోకాపీల పెట్టెలు, ఎవరిని ఏం అడిగితే దొరుకుతుందన్న జ్ఞానం. ఇవి అడిగి తీసుకోకపోతే పోతాయి.

ఈ రంగంలో దానికి బాధాకరమైన ఉదాహరణ ఉంది. విలియం విల్లిస్ అనే నల్లజాతి మానవశాస్త్రవేత్త 1972లో ఆంత్రపాలజీ దాచిపెట్టిన అస్థిపంజరాల గురించి ఘాటైన వ్యాసం రాశాడు. తర్వాతి ఏళ్లు బోవాస్‌కూ నల్లజాతి అమెరికన్లకూ ఉన్న సంబంధం మీద పుస్తకానికి పెట్టాడు. పూర్తికాకుండానే 1983లో పోయాడు. ఆ కాగితాలు ఫిలడెల్ఫియాలోని అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీకి చేరాయి. 1906లో నల్లజాతి మేధావి డుబోయిస్ పిలుపు మీద బోవాస్ అట్లాంటా వెళ్లి మాట్లాడిన ఘట్టం మీద ఆయన రాసినది, ఇంకొకరు పూర్తిచేస్తే 2008లో అచ్చయింది. మీ గైడ్ దగ్గర కూడా అచ్చుకాని పని ఉండే ఉంటుంది. దాని భవిష్యత్తు గురించి మర్యాదగా అడగండి. ఆయన సంతోషిస్తారని మా నమ్మకం.

బోవాస్ పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వేల మంది వలసవాళ్లను, వాళ్ల పిల్లలను కొలిపించి, అమెరికాలో పుట్టిన పిల్లల తల ఆకారం మారుతోందని, రేస్ స్థిరమైనది కాదని 1910 ప్రాంతంలో చూపించినవాడు ఆయనే. 1897లో ఆర్కిటిక్ నుంచి న్యూయార్క్ మ్యూజియంకు తెచ్చిన ఆరుగురు ఇన్యూట్‌లలో నలుగురు చనిపోతే, వాళ్లలో కిసుక్ అనే అతనికి అతని కొడుకు ముందు ఉత్తుత్తి ఖననం జరిపి ఎముకలను మ్యూజియంలో ఉంచుకున్న వ్యవహారంలో భాగమున్నవాడూ బోవాసే. మీ థీసిస్‌లో రంగాచారి, పాపారావు నాయుడు, సెటిల్‌మెంటు మిషనరీలు కూడా ఇలాగే రెండువైపులా కనిపిస్తారు. సెటిల్‌మెంటు బడిలోనే మీ తాతగారు అక్షరాలు దిద్ది ఉండవచ్చు. మంచివాళ్ల జాబితా, చెడ్డవాళ్ల జాబితా పెట్టుకుని రాస్తే ఆ అధ్యాయం నిలబడదు.

ఇప్పుడు ఫొటోలు. 1909 పుస్తకానికి కాపీరైట్ అడ్డు లేదు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా దించుకోవచ్చు. కాబట్టి ‘పెట్టవచ్చా’ అంటే చట్టం ప్రకారం పెట్టవచ్చు. ఎందుకు పెడుతున్నారన్నది వేరే ప్రశ్న. పెడితే మీ వాదన కళ్లకు కడుతుంది, కానీ ఆ మనిషిని ఒక ‘రకానికి’ నమూనాగా మళ్లీ ఒకసారి అచ్చువేసినవారవుతారు. పెట్టకుండా మాటల్లో వర్ణిస్తే కొందరు పరీక్షకులు సాక్ష్యం దాచారంటారు. సంపుటం, పేజీ ఇచ్చేస్తే ఆ విమర్శ నిలవదు. మధ్యేమార్గం ఒకటుంది: ఒకటి రెండు మాత్రమే, మనిషి ముఖం కాకుండా పేజీ మొత్తం, శీర్షికతో, పక్కనున్న పట్టికతో కలిపి చూపడం. అప్పుడు పాఠకుడి చూపు మనిషి మీద కన్నా పుస్తకం చేసిన పని మీద పడుతుంది. మా మొగ్గు దీనికే. అయితే ఊళ్లో పెద్దలకు చూపించి, వాళ్లేమంటారో విన్నాక నిర్ణయించుకోండి. ‘మా ముత్తాత ఫొటో ఎందుకు తీసేశావ్, పెట్టు’ అనేవాళ్లూ ఉంటారు.

ఇంటి విషయానికొస్తే, మీ గుర్తింపును బయటపెట్టాలన్న నియమం ఏదీ లేదు. అమెరికన్ డిపార్ట్‌మెంట్లలో ‘నీ స్థానం ఏమిటో చెప్పు’ అనే ఒత్తిడి ఉంటుంది. ఆ పేరా మూడు రకాలుగా రాయవచ్చు. పూర్తిగా చెప్పవచ్చు. ‘ఈ సంపుటాల్లో వర్ణించిన సమూహాల నుంచి వచ్చిన కుటుంబం మాది’ అని అక్కడితో ఆపవచ్చు. లేదా మీ శిక్షణ, భాష, ఆర్కైవ్ ప్రవేశం గురించి మాత్రమే రాయవచ్చు. మొదటిదానివల్ల ఉద్యోగాల మార్కెట్లో గుర్తింపు వస్తుంది, కానీ ఆ తర్వాత మీరు ఏం రాసినా సొంత కథగానే చదువుతారు. మూడోదానివల్ల గోప్యత ఉంటుంది, కొందరు సభ్యులు తప్పించుకుంటున్నారనుకుంటారు. ఏదైనా సరే, గ్రాంట్ దరఖాస్తుకు ముందే నిర్ణయించుకోండి. ఎందుకంటే దరఖాస్తు మీ చేయి దాటి పోతుంది, సమీక్షకుల మధ్య తిరుగుతుంది. థీసిస్‌కు ఒకటి రెండేళ్ల ఎంబార్గో (బయటికి అందకుండా ఆపే గడువు) పెట్టించుకునే వీలు చాలాచోట్ల ఉంది. తమ్ముడి పెళ్లి వరకు అది ఉపయోగపడుతుంది, శాశ్వతంగా కాదు. కృతజ్ఞతల పేజీని మరవకండి. తాతగారి పేరు, ఊరి పేరు అక్కడ రాస్తే ఎంబార్గోలు, మారుపేర్లు అన్నీ వృథా.

మీకన్నా ముందు ఈ దారిన నడిచినవాళ్లున్నారు. కరొలైన్ బాండ్ డే అనే నల్లజాతి పరిశోధకురాలు హార్వర్డ్‌లో హూటన్ దగ్గర చదువుకుని, తెలుపు నలుపు కలిసిన కుటుంబాల మీద 1932లో అచ్చయిన గ్రంథంలో తన సొంత కుటుంబాన్ని కూడా చేర్చింది. కొలతల శాస్త్రాన్ని తనవాళ్ల గౌరవం కోసం వాడాలని ఆమె తాపత్రయం. అదే పుస్తకం తెల్లవాళ్లుగా చలామణీ అవుతున్న బంధువులున్న ఏ ఇంటికైనా ముప్పు కాగలిగేది. ఆమె పనిని, దాని పరిమితులను మీ లిస్టులో తప్పక పెట్టుకోండి.

పెద్దల జ్ఞాపకాలు సేకరించాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. చనిపోయినవాళ్ల రికార్డులకు ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనను పరిశీలించే యూనివర్సిటీ కమిటీ) అనుమతి అవసరం లేదు, బతికున్నవాళ్లతో మాట్లాడితే కావాలి. ఐఆర్‌బీ వాళ్లు సంతకం పెట్టిన సమ్మతి పత్రం అడుగుతారు. మీ చోట అది పనికిరాదు. నేరస్థ తెగల చట్టం కింద పేర్లు రిజిస్టర్ చేసి వేలిముద్రలు తీసుకున్నారు, రోజూ హాజరు వేయించుకున్నారు. ఆ ఇళ్లలో పరిశోధన పేరుతో వేలిముద్ర అడగడమంటే అదే గాయాన్ని మళ్లీ రేపడం. సంతకం పెట్టడం ఆనవాయితీ కాని సమాజాల్లో మౌఖిక సమ్మతికి వీలు కల్పించే నిబంధన అమెరికా ఫెడరల్ నియమాల్లో ఉంది. ఈ చరిత్రనే కారణంగా చూపి దాన్ని అడగండి. మనుషుల పేర్లు మార్చడం చాలదు, ఊరి పేరే అందరికీ తెలిసినప్పుడు ‘రిటైరైన టీచర్, ముగ్గురు కూతుళ్లు’ అంటే పోల్చుకుంటారు. రెండు మూడు సెటిల్‌మెంట్ల మాటలు కలిపి రాయండి. పోలీసు కేసుల ప్రస్తావన వస్తే రికార్డర్ ఆపేయండి. చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయినా పాత నేరస్థుల చట్టాలు, హిస్టరీ షీట్లు ఆ తర్వాతా నడిచాయి. మీ ఫైలు రేపు ఎవరి చేతిలో పడుతుందో ఇవాళ చెప్పలేం.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు అనుమతి అడగడంతో మొదలుపెట్టకండి. ఆయన ‘వద్దు’ అంటే తలుపు మూసుకుంటుంది. ‘ఫలానా సంగతి రాయను, ఫలానా పేరు వాడను’ అన్న హామీలతో మొదలుపెట్టి, వాటిలో ఇంకేం చేర్చాలో ఆయన్నే అడగండి. ఆయన చేర్చే షరతుల వల్ల ఒక అధ్యాయం పోవచ్చు. మూడో ప్రశ్న లేకపోయినా మొదటి రెండింటితో థీసిస్ పూర్తవుతుంది. అందుకే వాటిని ముందు పెట్టమంటున్నాం.

బతుకుతెరువు మాట సూటిగా చెప్పుకుందాం. ‘ఆంత్రపాలజీ చరిత్ర’ అన్న పేరుతో అమెరికాలో ఉద్యోగ ప్రకటన రావడం చాలా అరుదు. రేస్, దక్షిణాసియా, మ్యూజియం, శాస్త్ర సాంకేతిక అధ్యయనాలు అన్న పేర్లతో వస్తాయి. వాటిలో రెండింటికైనా మీ థీసిస్ సరిపోయేలా శీర్షిక, అధ్యాయాలు చూసుకోండి. చదువయ్యాక విదేశీ విద్యార్థులు అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి (ఓపీటీ) 12 నెలలు. పొడిగింపు మీ డిగ్రీ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే. ఆ కోడ్ ఏదో ఇంటర్నేషనల్ ఆఫీసును ఇప్పుడే అడగండి. ఇండియాలోనైతే, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీకి యూజీసీ 2018 నిబంధనల ప్రకారం నెట్ అవసరం లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం ప్రారంభంలో 57,700 రూపాయలు. ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్ యూనివర్సిటీల్లో ఈ విభాగాలున్నాయి, పోస్టుల భర్తీ మాత్రం ఏళ్ల తరబడి నానుతుంది. మన డిపార్ట్‌మెంట్లలో శారీరక, సామాజిక మానవశాస్త్రాలు రెండూ చెప్పగలిగినవాళ్లకు విలువ ఎక్కువ. మీ కాలిపర్ల శిక్షణ అక్కడ పనికొస్తుంది.

సివిల్స్ గురించి నాన్నగారి ఆదుర్దా అర్థం చేసుకోదగ్గదే. ఎస్టీ అభ్యర్థులకు వయోపరిమితి 37, అప్పటిదాకా ప్రయత్నాలకు లెక్క లేదు. అంటే పీహెచ్‌డీ పూర్తిచేసి వచ్చినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఆయనకు ఈ రెండు అంకెలు చెప్పండి, వాదన సగం తగ్గుతుంది.

ఫీల్డ్‌వర్క్‌కు డబ్బు విషయంలో, ఫుల్‌బ్రైట్-హేస్ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ ఏ దేశస్థులకైనా ఇస్తుంది, అదే మీ ప్రధాన ఆశ్రయం. రిస్లీ కాగితాలు, ఇండియా ఆఫీస్ రికార్డులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, సాల్వేషన్ ఆర్మీ రికార్డులూ లండన్‌లోనే. కాబట్టి ఒకే ప్రయాణంలో రెండూ చూడవచ్చు. మొదట వెళ్లాల్సింది మాత్రం చెన్నై ఎగ్మూరు. తమిళనాడు ఆర్కైవ్స్, థర్‌స్టన్ పనిచేసిన మ్యూజియం రెండూ అక్కడే. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద పరిచయ లేఖ తీసుకెళ్లండి. సూచికల్లో ‘ఎరుకల’ అని వెతికి దొరకలేదని తిరిగి రాకండి. జీవోలు శాఖలవారీగా, తేదీలవారీగా ఉంటాయి, తెగ పేరు మీద కాదు. 1911 నుంచి 1920 దాకా జుడీషియల్, పోలీస్ శాఖల వార్షిక సూచికలు ముందు తెప్పించుకుని, ‘సెటిల్‌మెంట్’, ‘క్రిమినల్ ట్రైబ్స్’, ‘కొరచ’, ‘కొరవ’, ‘యెరుకల’ అన్న మాటలన్నీ ఇంగ్లిష్‌లో రకరకాల స్పెల్లింగులతో చూస్తూ జీవో నంబరు, తేదీ రాసుకుంటూ పోండి.